కుమ్మరి గాడిద, కమ్యూనిటీ కాలేజీ

ఏదైనా ఒక పథకం "విజయవంతమైంది" అని ఎవరైనా చెబితే నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ఎవరితో పోల్చి? ఈ ప్రశ్న పదే పదే అడిగినందుకు ఉద్యోగకాలంలో స్టాఫ్ రూములో నాకు మొండివాడన్న పేరు వచ్చింది. విరమణ తరువాత ఆ మొండితనానికి కొత్త మేత దొరికింది. అమెరికాలో మా అమ్మాయి ఇంట గడిపిన నెలల్లో అక్కడి కమ్యూనిటీ కాలేజీల గురించి చదవడం మొదలుపెట్టాను. వాటిలో చేరినవారు చదువు నడుమ మానిపోకుండా చూడడానికి ఎన్నో పథకాలు పెట్టారు. ఆ పథకాల మంచిచెడ్డలను తూచడానికి మరెందరో పూనుకున్నారు. ఛందస్సూ వ్యాకరణమూ చెప్పుకొని బతికిన మీకు ఈ లెక్కలెందుకు మామయ్యగారూ అని మా అల్లుడు నవ్వాడు. ఇవి లెక్కలు కావు నాయనా, తర్కం అన్నాను. ఎందుకలా అన్నానో చెప్పడానికే ఈ టపా. కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

మన దగ్గర జూనియర్ కాలేజీ అంటే ఇంటర్మీడియెట్. అమెరికాలో 1901లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ అనే ఊళ్ళో మొదలైన జూనియర్ కాలేజీ వేరు. హైస్కూలు ముగించినవారికి విశ్వవిద్యాలయపు తొలి రెండేళ్ళ చదువును సొంత ఊళ్ళోనే చెప్పడానికి అది పుట్టింది. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన ఉన్నత విద్యా సంఘం వీటికి కమ్యూనిటీ కాలేజీ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చింది. ఇప్పుడవి ఆ దేశంలో దాదాపు వెయ్యి ఉన్నాయి. రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీ ఇస్తాయి, నర్సింగు మొదలు వెల్డింగు దాకా చేతిపనుల సర్టిఫికెట్లిస్తాయి, నాలుగేళ్ళ యూనివర్సిటీకి బదిలీ కావడానికి మెట్టుగా ఉంటాయి. ఫీజు తక్కువ. మార్కులు చూసి ఎవరినీ గడపలో ఆపరు. పగలంతా దుకాణంలో నిలబడి సాయంత్రం తరగతికి వచ్చేవారు, చంటిపిల్లల తల్లులు, హైస్కూలు వదిలిన పదేళ్ళకు మళ్ళీ పుస్తకం పట్టినవారు, వలస వచ్చి భాష నేర్చుకుంటున్నవారు అందరూ అక్కడే కనిపిస్తారు. తలుపు తెరిచి ఉంచడం ఆ కాలేజీల ధర్మం, దానికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. చిక్కల్లా, తెరిచిన తలుపులోంచి వచ్చినవారు అదే తలుపులోంచి చప్పుడు లేకుండా వెళ్ళిపోవడం. పూర్తికాలం విద్యార్థులుగా చేరినవారిలో సైతం మూడేళ్ళలో పట్టా పుచ్చుకునేవారు చాలాకాలం మూడింట ఒకవంతుకు లోపలే ఉంటూ వచ్చారు.

ఈ పథకాలన్నిటినీ కలిపి అక్కడివారు "స్టూడెంట్ సక్సెస్" అన్న మాటతో పిలుస్తారు. దీన్ని తెలుగులో ఏమనాలా అని రెండు రోజులు తన్నుకులాడాను. "విద్యార్థి విజయం" అంటే ఎవరినో ఓడించినట్టుంది. "కృతార్థత" అన్న మాట నాకు నచ్చింది. కృతార్థుడంటే తాను తలపెట్టిన ప్రయోజనాన్ని నెరవేర్చుకున్నవాడు. కాని ఆ మాట పెట్టగానే ప్రశ్న లేస్తుంది: ఎవరు తలపెట్టిన ప్రయోజనం? మా అమ్మాయి పక్క ఫ్లాటులో ఉండే ఒక తెలుగు ఇల్లాలు అక్కడి కాలేజీలో రెండు కోర్సులు చదివి మానేసింది. "నాకు డిగ్రీ ఎందుకంకుల్, ఎం.కామ్ గుంటూరులోనే చేశాను కదా. ఇక్కడి పన్నుల పద్ధతి తెలిస్తే చాలు, అది తెలిసింది" అన్నది. ఆమె కృతార్థురాలు. కాలేజీ పుస్తకాల్లో మాత్రం పట్టా లేకుండా వెళ్ళిపోయిన మనిషి.

ఇంకొక తమాషా ఉంది. 1990లో అమెరికా చేసిన ఒక చట్టం ప్రకారం ప్రతి కాలేజీ తన పట్టభద్రుల శాతాన్ని బయటపెట్టాలి. ఆ లెక్కలో చేరేది మొదటిసారి కాలేజీ మెట్టెక్కి, పూర్తికాలం విద్యార్థులుగా నమోదైనవారు మాత్రమే. కోర్సు గడువుకు ఒకటిన్నర రెట్లు, అంటే రెండేళ్ళ చదువుకు మూడేళ్ళు, సమయమిస్తారు. కాని కమ్యూనిటీ కాలేజీల్లో సగానికి మించి పార్ట్ టైము విద్యార్థులే. వారంతా ఆ శాతానికి కనబడరు. ఏడాది చదివి, పట్టా తీసుకోకుండానే పెద్ద యూనివర్సిటీకి మారిపోయిన చురుకైన కుర్రవాడు పట్టభద్రుల వరుసలోకి రాడు. ఈ లోపం గుర్తించి 2015-16 నుంచి పార్ట్ టైమువారినీ మారిపోయినవారినీ చూపే మరొక పట్టికను చేర్చారు. మంచిపని. అయినా వార్తల్లో తిరిగేది ఇప్పటికీ ఎక్కువగా ఆ పాత శాతమే.

శాతాలంటే నాకు భయం ఎందుకో మనవాళ్ళకు చెప్పనక్కరలేదు. పదో తరగతి ఫలితాల రోజు తెలిసినవారందరికీ తెలుసు. నేను పనిచేసిన రోజుల్లో ఒక బడికి వరుసగా నూటికి నూరు వచ్చేది, సన్మానాలు జరిగేవి. ఆ నూరు ఎలా వచ్చేదో మాకందరికీ తెలుసు. గట్టెక్కరనుకున్న పిల్లల పేర్లు నామినల్ రోల్సులోకి ఎక్కేవి కావు. కొందరిని తొమ్మిదిలోనే ఆపేవారు, కొందరిచేత టి.సి. తీయించేవారు, మరికొందరిచేత ప్రైవేటుగా పరీక్ష కట్టించేవారు. పక్క ఊరి బడి అందరినీ కూర్చోబెట్టి, అరవై శాతం తెచ్చుకొని, అధికారిచేత చీవాట్లు తినేది. నన్నడిగితే పాఠం జరిగింది ఆ రెండో బడిలో. పైన ఉన్న అంకె మనకు వినిపిస్తుంది, కింద ఉన్న అంకెను ఎవరు ఎలా చెక్కారన్నది వినిపించదు. కాబట్టి ఏ కాలేజీ అయినా "మా పథకంలో నిలిచినవారిలో ఇంతమంది నెగ్గారు" అంటే, నిలవనివారిని కూడా పిలిచి లెక్కపెట్టమంటాను. గడప దాటిన ప్రతివాడూ చివరి లెక్కలో ఉండాలి, నడుమ మానినా సరే.

భాషాప్రవీణ చదివే రోజుల్లో మాకు కొంత తర్కం కూడా చెప్పారు. కుండకు కారణాలేవి అన్నది అక్కడ నిత్యోదాహరణ. మట్టి కారణం, కుమ్మరి కారణం, సారెను తిప్పే కర్ర కారణం. మరి మట్టి మోసుకొచ్చిన గాడిద? కుండకు ముందు అదీ అక్కడ ఉన్నదే. అయినా శాస్త్రం దాన్ని కారణమనదు. గాడిద లేకుండా తట్టలో మోసుకొచ్చిన మట్టితోనూ కుండలవుతున్నాయి కనుక. అది ఉంటే ఇది ఉండడం అన్వయం, అది లేకపోతే ఇది లేకపోవడం వ్యతిరేకం. రెండూ కుదిరితేనే కారణమన్న పేరు. కాకి వాలగానే తాటిపండు రాలితే అది కాకతాళీయం మాత్రమే.

ఇప్పుడు కాలేజీకి వద్దాం. ఒకచోట సాయంత్రపు ట్యూటరింగ్ కేంద్రం పెట్టారనుకోండి. దానికి వచ్చినవారిలో నూటికి డెబ్బైమంది, రానివారిలో యాభైమంది పాసయ్యారనుకోండి. కేంద్రం వల్ల ఇరవైమంది లేచారని నివేదిక రాసేస్తారు. కాని సాయంత్రం పని మానుకొని, బస్సు పట్టుకొని, అడిగి చెప్పించుకోవడానికి వచ్చే పిల్లవాడు అది లేకపోయినా ఎక్కడో ఒకచోట నేర్చుకొనేవాడే. ఆ శ్రద్ధ కర్ర కావచ్చు, కేంద్రం గాడిద కావచ్చు. కాకపోనూ వచ్చు. చూసినంత మాత్రాన తెలియదు, వ్యతిరేకం కావాలి. అదే పిల్లవాడు, అదే శ్రద్ధతో, ఆ కేంద్రం లేకుండా చదివితే ఏమయ్యేవాడు? ఒకే మనిషిని రెండు జన్మలెత్తించలేము గనుక ఈ విద్యలో ఆరితేరినవారు ఒక ఉపాయం పట్టారు. చేరగోరినవారందరి పేర్లూ రాసుకొని చీటీలు వేస్తారు. చీటీ తగిలిన సగానికి పథకం, తగలని సగానికి మామూలు కాలేజీ. శ్రద్ధా, పేదరికమూ, ఇంటి గొడవలూ రెండు వైపులా సమానంగా పంచుకుపోతాయి. స్థాలీపులాక న్యాయమని మనవాళ్ళన్నది సరిగ్గా పనిచేయాలంటే మెతుకు బాగా కలిపిన కుండలోంచి తీయాలి. ఆ కలపడమే చీటీ.

కొందరికి సాయమిచ్చి కొందరికి లేదనడం అధర్మం కాదా అని ఒక మిత్రుడు నిలదీశారు. ఆలోచించవలసిన మాటే. నా సమాధానం ఇది. అందరికీ ఇవ్వగల డబ్బుండి చీటీలు వేస్తే అధర్మమే. కాని సీట్లు మూడొందలుండి అర్జీలు ఆరువందలు వచ్చినప్పుడు ఎవరో ఒకరు మిగలక తప్పదు. చీటీ వేయకపోతే ఆ సీట్లు ముందుగా తెలుసుకున్నవారికీ, మాట చెప్పించుకోగలిగినవారికీ పోతాయి. అంతకన్నా చీటీయే పక్షపాతం లేనిది. పథకం మేలు చేస్తుందో లేదో నిజంగా తెలియనంతకాలమే ఆ పద్ధతికి నైతికబలం. తెలిశాక కూడా చీటీలు వేస్తూ కూర్చోవడం వేరే సంగతి.

ఈ పద్ధతి మనకు పరాయిదీ కాదు. 2005లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల పల్లెటూరి ప్రాథమిక పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు చీటీల మీదనే పరిశోధన మొదలుపెట్టారు. పిల్లలు ఎంత మెరుగుపడితే ఉపాధ్యాయులకు అంత బోనసు. నూరు బడుల్లో విడివిడిగా, నూరు బడుల్లో అందరికీ కలిపి, మరి నూరు బడులు పోలికకు. బోనసు సగటున జీతంలో మూడు శాతమే. రెండేళ్ళకు బోనసు బడుల పిల్లలు లెక్కల్లోనూ తెలుగులోనూ స్పష్టంగా ముందున్నారు, బోనసుతో సంబంధం లేని సైన్సులోనూ సాంఘికంలోనూ కూడా. పంతులుకు పైసలు చూపి పాఠం చెప్పించడం నా మనసుకు నచ్చదు, ఈనాటికీ నచ్చదు. కాని నచ్చకపోవడం వేరు, ఫలితాన్ని కాదనడం వేరు. చీటీ తీసి తేల్చినదాన్ని నోటితో తోసేయలేము.

అమెరికా కాలేజీల మీద జరిగిన తూకాల్లో మొదట చెప్పవలసినది చేదు కబురు. 2004లో లుమినా ఫౌండేషన్ "అచీవింగ్ ద డ్రీమ్" అనే పెద్ద ఉద్యమం ఆరంభించింది. మొదటి విడతలో 26 కాలేజీలు, ఒక్కొక్కదానికి 4,50,000 డాలర్లు. మీ విద్యార్థుల వివరాలు మీరే లెక్కగట్టుకోండి, ఎక్కడ జారుతున్నారో చూడండి, అక్కడ మందు వేయండి అన్నది దాని సారం. వినడానికి ఎంత బాగుంది! 2011లో వచ్చిన నివేదిక కాలేజీలు వివరాలు చూసుకోవడం నేర్చాయని చెప్పింది. విద్యార్థుల ఫలితాలు మాత్రం మొత్తం మీద ఉన్నచోటనే ఉన్నాయని కూడా చెప్పింది. ఎందుకంటే పెట్టిన కార్యక్రమాల్లో చాలావాటికి కొద్దిమంది విద్యార్థులే అందారు. ఒక వర్క్‌షాపు, ఒక ఉపన్యాసం, ఒక కరపత్రం. వేలమంది ఉన్న చోట ఆ తడి నేల దాకా దిగలేదు. డబ్బు పెట్టినవారే ఈ నివేదికను దాచకుండా అచ్చు వేయించినందుకు వారిని మెచ్చుకుంటాను. మన దగ్గర ఒక పథకం విఫలమైందని దాని నిర్వాహకులే పుస్తకం వేయగా నేను చూడలేదు.

న్యూయార్కులోని కింగ్స్‌బరో కమ్యూనిటీ కాలేజీలో 2003లో కొత్త విద్యార్థులను పాతికమంది చొప్పున ఒక జట్టు చేసి, కొన్ని తరగతులను ఒకదానితో ఒకటి ముడిపెట్టి చెప్పారు. చీటీల మీదనే పరీక్షించారు. మొదటి సెమిస్టరులో మేలు కనిపించింది, పథకం ఆగాక అది పలచబడింది. తరువాత మరికొన్ని కాలేజీల్లో చేస్తే తేలిన లాభం సగటున అర క్రెడిటు. పట్టాకు అరవై క్రెడిట్లు కావాలి మరి.

అన్నిటికన్నా నన్ను ఎక్కువగా నిలబెట్టి చదివించింది "డెవలప్‌మెంటల్" చదువు సంగతి. చేరగానే ఒక పరీక్ష పెడతారు. లెక్కల్లోనో ఇంగ్లీషులోనో కొంత గీటుకు తగ్గితే, క్రెడిట్లు రాని పాత పాఠాలు ముందు చదవమంటారు. కొందరికి అవి రెండు మూడు మెట్లు. వినడానికి న్యాయంగానే ఉంటుంది, పునాది లేనివాడికి పునాది వేయాలి కదా. కాని 2010లో థామస్ బెయిలీ బృందం ప్రకటించిన పరిశీలన ప్రకారం అలా పంపినవారిలో ఆ మెట్లన్నీ ఎక్కి బయటపడ్డవారు సగానికి లోపే. సుమారు 30 శాతం మంది అసలు ఏ పునాది తరగతికీ నమోదు కాలేదు. తప్పి పోయినవారు కారు వారు, మొదలే పెట్టనివారు. ఇక్కడ చీటీ లేకుండానే పోల్చే దారి ఒకటి ఉంది, అది మన పంతుళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. 34 వచ్చిన పిల్లవాడికీ 35 వచ్చిన పిల్లవాడికీ తెలివిలో భేదమేమిటి? ఏమీ లేదు, ఆ రోజు నిద్ర సరిపోయిందా లేదా అన్నంతే. గీటుకు కాస్త దిగువ ఉండి పునాది పాఠాలకు వెళ్ళినవారినీ, కాస్త ఎగువ ఉండి నేరుగా వెళ్ళినవారినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ పాఠాల గుణం తెలుస్తుంది. ఫ్లోరిడాలో లక్షమంది వివరాలతో ఇలా చూసి 2008లో తేల్చినది, పునాది పాఠాలు మొదట్లో కొందరిని నిలబెట్టి ఉండవచ్చునేమోగాని పట్టా దాకా తీసుకుపోలేదని.

మరి నేరుగా పంపితే మునిగిపోరా? న్యూయార్కు నగర విశ్వవిద్యాలయంలో, దాన్ని క్యూనీ అంటారు, 2013లో ఆ సందేహమే తీర్చుకున్నారు. పునాది ఆల్జీబ్రాకు పంపవలసిన 907 మందికి చీటీలు వేశారు. ఒక జట్టుకు మామూలు పునాది ఆల్జీబ్రా, మరొక జట్టుకు అదే ఆల్జీబ్రాతో పాటు వారంవారం సాయపు తరగతి, ఇంకొక జట్టుకు నేరుగా కాలేజీ స్థాయి స్టాటిస్టిక్సు, దానికీ సాయపు తరగతి. మామూలు ఆల్జీబ్రాలో 39 శాతం నెగ్గితే, పైమెట్టు స్టాటిస్టిక్సులో 56 శాతం నెగ్గారు. కింది మెట్టు మీద జారినవారు పైమెట్టు మీద నిలిచారన్నమాట! 2017లో కాలిఫోర్నియా చట్టం చేసి, హైస్కూలు మార్కులను లెక్కలోకి తీసుకొని, విద్యార్థులను వీలైనంతవరకు నేరుగా కాలేజీ పాఠాలకే పంపాలన్నది. వ్యాకరణం పూర్తయితేగాని పద్యం ముట్టనీయని పంతుళ్ళ దగ్గర చదివినవాణ్ణి, పద్యం పట్టుకొని వ్యాకరణంలోకి దిగిన పిల్లలనూ చూసినవాణ్ణి, కాబట్టి ఈ అంకెలు నన్ను ఆశ్చర్యపరచలేదు.

ఇక అసలు కథకు వస్తాను. అదే క్యూనీలో 2007లో "ఏసాప్" అనే పథకం మొదలైంది. ఒక్క మందు కాదు, పథ్యంతో సహా మొత్తం వైద్యం. పూర్తికాలం చదవాలన్నది నియమం. ప్రభుత్వ సాయం పోగా మిగిలిన ఫీజు కాలేజీ కడుతుంది. పుస్తకాలు ఉచితం. ఊళ్ళో తిరగడానికి అప్పట్లో ప్రతి నెలా మెట్రోకార్డు. తరగతులన్నీ వరుసగా ఒకపూట వచ్చేట్టు కూర్పు, రెండో పూట పనికి పోవడానికి వీలుగా. అన్నిటికీ మించి ఒక సలహాదారు. మామూలుగా ఆ కాలేజీల్లో ఒక్కొక్క సలహాదారు కింద 600 నుంచి 1,500 మంది ఉంటే, ఏసాప్‌లో 60 నుంచి 80 మంది. కలవడం ఇష్టమొచ్చినప్పుడు కాదు, తప్పనిసరి. మూడేళ్ళ పాటు, ఒక సెమిస్టరు ముచ్చట కాదు.

2010లో మూడు కాలేజీల్లో 896 మందికి చీటీలు వేసి ఎం.డి.ఆర్.సి. అనే సంస్థ దీన్ని తూచింది. అందరూ తక్కువ రాబడి ఇళ్ళవారు, అందరికీ ఒకటి రెండు పునాది పాఠాలు పడ్డవారు. మూడేళ్ళకు చీటీ తగలనివారిలో 22 శాతం, తగిలినవారిలో 40 శాతం పట్టా పుచ్చుకున్నారు. ఈ రంగంలో ఇంత తేడా చూడడం అరుదు.

ఖర్చు మాటేమిటంటారు. తలకు మూడేళ్ళలో మామూలు కన్నా 16,300 డాలర్లు ఎక్కువ అయింది, అంటే 63 శాతం అదనం. ఆ అంకె చూడగానే ఖజానా అధికారి గుండె పట్టుకుంటాడు. కాని త్రైరాశికం తెలిసిన పిల్లవాడు చెబుతాడు. ముందు నూరు పెడితే 22 పట్టాలు, ఇప్పుడు 163 పెడితే 40 పట్టాలు. ఒక్కొక్క పట్టాకు పడిన ఖర్చు ముందు నాలుగున్నర, ఇప్పుడు నాలుగుకు కాస్త పైన. తగ్గింది! తలకు ఖర్చు చూసేవాడు దుబారా అంటాడు, పట్టాకు ఖర్చు చూసేవాడు పొదుపంటాడు. నడుమ మానిపోయిన విద్యార్థి మీద పెట్టిన ఖర్చును ఎవరూ దుబారా పద్దులో రాయరు, అది మామూలు పద్దు. ఇది నాకు ఏమాత్రం మింగుడుపడని సంగతి. చౌకపథకాలను ఒకదాని తరువాత ఒకటి పెట్టి, ఒక్కొక్కదానికి అర క్రెడిటు ఫలం చూసి, "ఏదీ పనిచేయడం లేదు" అని పెదవి విరవడం, తులసాకు తినిపించి జ్వరం తగ్గలేదని వైద్యాన్నే తిట్టినట్టుంది.

కాలాన్ని కూడా చూడాలి. ఆరేళ్ళు గడిచాక మళ్ళీ లెక్కబెడితే 51కి 41. అంటే 18 ఉన్న తేడా 10కి తగ్గింది. చీటీ తగలనివారిలో కొందరు ఆలస్యంగానైనా గట్టెక్కారు. పథకం చేసిన మేలులో కొంత త్వరపరచడం, మిగిలినది లేనిపట్టాను పుట్టించడం. మూడేళ్ళ అంకె దగ్గరే ఆపి చంకలు గుద్దుకోకుండా ఆరేళ్ళ అంకె కూడా చెప్పారు. ఇది ఒక్క న్యూయార్కు మహిమేమోనన్న అనుమానం తీర్చడానికి ఒహాయో రాష్ట్రంలో మూడు కాలేజీల్లో 1,501 మందితో మళ్ళీ చేశారు. అక్కడా మూడేళ్ళకు 35కి 19. ఆరో ఏటికి వారి సంపాదనలోనూ సుమారు 11 శాతం తేడా కనిపించింది. వేరే ఊరు, వేరే పంతుళ్ళు, అదే ఫలితం. తర్కం తృప్తిపడే చోటు ఇది.

పూర్తిగా తృప్తిపడేది కాదుగాని. ఎందుకంటే గాడిద ప్రశ్న మిగిలే ఉంది. ఏసాప్ అనే మూటలో ఫీజు ఉంది, పుస్తకాలున్నాయి, బస్సు ఉంది, సలహాదారు ఉన్నాడు. మూటకు ఫలమున్నదని చీటీ చెప్పింది, మూటలో కర్ర ఏదో గాడిద ఏదో చెప్పలేదు. రేపు ఖర్చు తగ్గించమన్నప్పుడు కత్తిరించేవాడు గాడిద అనుకొని కర్రనే విరిస్తే? టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో 2013లో మొదలైన మరొక పరీక్ష ఇక్కడ అక్కరకు వస్తుంది. అక్కడ ఒక జట్టుకు, వెంట ఉండి నడిపించే ఒక సామాజిక కార్యకర్తనూ, అక్కరకు కొంత డబ్బునూ ఇచ్చారు. మరొక జట్టుకు అక్కరకు డబ్బు మాత్రమే. డబ్బు మాత్రమే అందినవారిలో మేలు కనిపించలేదు. మనిషి తోడున్నవారిలో స్త్రీలకు కనిపించింది, పురుషులకు కనిపించలేదు. పురుషుల విషయం నాకు వింతగా తోచలేదు, మన బడుల్లోనూ కష్టం చెప్పుకొనే ఆడపిల్లలను చూశానుగాని మగపిల్లలను చూసింది తక్కువ. నా ఊహ ఏమిటంటే ఏసాప్‌లోనూ కర్ర ఆ సలహాదారే. డెబ్బైమంది పేర్లూ, వారి ఇంటి సంగతులూ ఒక మనిషికి గుర్తుంటాయి. వెయ్యిమందివి గుర్తుండవు. 2015 తరువాత క్యూనీ ఈ పథకాన్ని పాతికవేల మంది దాకా పెంచింది. పెంచేటప్పుడు మొదట సడలేది ఎక్కడైనా ఆ నిష్పత్తే. ఫీజు మాఫీ ప్రకటనలో కనిపిస్తుంది, నిష్పత్తి కనిపించదు గనుక.

నాకున్న అసలు అసంతృప్తి వేరు. పూర్తికాలం చదవగలిగినవారే ఏసాప్‌లో చేరగలరు. చంటిబిడ్డను ఎత్తుకొని వారానికి ఒక్క తరగతి పట్టుకొనే ఆమె చీటీల డబ్బా దాకానే రాదు. 40 శాతం అన్న ఆ మంచి అంకెకు ఆమెతో సంబంధమే లేదు. 1990 చట్టపు శాతంలో లేనివారు ఎవరో ఈ పథకపు గడప బయట ఉన్నవారూ చాలావరకు వారే. పూర్తికాలం నియమం పెట్టినవారి వాదం నాకు తెలుసు: వేగం ఉంటేనే పట్టు ఉంటుంది, ఏళ్ళతరబడి సాగితే జీవితం అడ్డం పడుతుంది. నిజమే. కాని ఆమెకు వేగం ఇవ్వలేనప్పుడు ఏమివ్వాలో, దాన్ని మూడేళ్ళకు కాక ఎన్నేళ్ళకు కొలవాలో, ఆమె తలపెట్టినది పట్టాయో ఒక్క కోర్సో ముందుగా ఆమెనే అడిగి రాసుకోవాలో వద్దో, ఈ కొలతలు కట్టేవారు అటువైపు ఇంకా ఎక్కువ బుర్ర పెట్టాలి.

అమెరికాలో ఇలాంటి కాలేజీల్లో పాఠాలు చెబుతున్నవారూ, అక్కడ చదివి బయటపడ్డవారూ, నడుమ ఆపినవారూ ఈ బ్లాగు చదివేవారిలో కొందరైనా ఉన్నారని నాకు తెలుసు. ముఖ్యంగా నడుమ ఆపినవారు, ఆ వారంలో ఏం జరిగిందో, కాలేజీ నుంచి ఎవరైనా ఫోను చేశారో లేదో రాస్తే చదవాలనుంది. వ్యాఖ్యల్లో రాయడం ఇబ్బందైతే నాకు ఉత్తరం రాయండి.